పదిమంది రాసే కోడ్‌లో ఒక చెయ్యి

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 జూన్‌లో మొదలైంది. వేసవి సెలవులు వస్తే అమెరికాలో కాలేజీ విద్యార్థులు చేతిఖర్చుల కోసం హోటళ్లలో, దుకాణాల్లో పనికి కుదురుతారు. ఏడాదంతా నేర్చుకున్న ప్రోగ్రామింగ్ ఆ మూడు నెలలూ మూలన పడుతుంది. అదే సమయంలో వాళ్లకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయిస్తే బాగుంటుందన్న ఆలోచన గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లది. దాన్ని ఆచరణలో పెట్టింది ఆ కంపెనీలో అప్పట్లో ఓపెన్ సోర్స్ వ్యవహారాలు చూసిన క్రిస్ డిబోనా బృందం. మొదట 200 మందిని తీసుకుందామనుకున్నారు. రెండు వారాల గడువులో 8,700కు పైగా దరఖాస్తులు వచ్చాయి. దాంతో అనుకున్న సంఖ్యను రెట్టింపు చేసి 400 పైచిలుకు మందిని తీసుకున్నారు. 40 ఓపెన్ సోర్స్ సంస్థలు వాళ్లకు పని చూపించాయి. పని పూర్తి చేసిన విద్యార్థికి 4,500 డాలర్లు, దగ్గరుండి నేర్పినందుకు సంస్థకు 500 డాలర్లు ముట్టాయి. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ఇరవయ్యేళ్లలో 120కి పైగా దేశాల నుంచి 20 వేలకు పైగా యువత ఈ దారిలో నడిచారు. మన ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో దీన్ని ముద్దుగా ‘జీసాక్’ అంటారు.

సాఫ్ట్‌వేర్‌ను ముందు మనిషి చదవగలిగే రూపంలో రాస్తారు. ఆ రాతను కంపెనీ తన దగ్గరే దాచుకుని నడిచే ప్రోగ్రామును మాత్రమే బయటికిస్తే అది మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్. రాతను అందరి ముందూ పెట్టి, చదువుకోవడానికీ మార్చుకోవడానికీ, మార్చినదాన్ని మళ్లీ పంచుకోవడానికీ లైసెన్సు ద్వారా హక్కు ఇస్తే అది ఓపెన్ సోర్స్. ఈ తేడా ఎంత పెద్దదో తెలుగువాళ్లకు 2018 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. అక్షరాలను తెరమీద పేర్చే కోడ్‌లో ఎక్కడో తప్పు దొర్లింది. ఆ కోడ్ యాపిల్ దగ్గర మాత్రమే ఉంది కాబట్టి దిద్దగలిగింది కూడా యాపిలే. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6తో దిద్దింది కూడా. అయితే తెలుగు ఒత్తులు ఎలా కలుస్తాయో చిన్నప్పటి నుంచీ తెలిసిన వేలాది ప్రోగ్రామర్లు ఈ లోగా చేయగలిగింది ఎదురుచూడటం ఒక్కటే. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో అక్షరాలను పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీది. అందులో తెలుగు తప్పు కనిపిస్తే వరంగల్‌లోనో విశాఖలోనో ఉన్న విద్యార్థి ఆ కోడ్ తెరిచి చూడవచ్చు, సరిచేసి పంపవచ్చు. పంపిన మార్పు సరైనదైతే అది ప్రపంచమంతటా ఫోన్లలోకి చేరుతుంది.

విద్యార్థులు ఈ రంగానికి కొత్తవాళ్లు కారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను బయటపెట్టినప్పుడు ఆయనకు 21 ఏళ్లు, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. చాలా కంప్యూటర్లలో కనిపించే వీఎల్‌సీ ప్లేయర్ పారిస్ శివారులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. అయితే అప్పటి పరిస్థితి వేరు. ఒక్కరు కూర్చుని మొదలుపెట్టగలిగిన పనులవి. ఇప్పుడు లినక్స్ కెర్నల్ ఒక్కటే కోట్ల వరసల కోడ్. పేరున్న ఏ ప్రాజెక్టు తెరిచినా వేల ఫైళ్లు, ఏళ్ల తరబడి సాగిన చర్చలు, ఎక్కడా రాసిపెట్టని అలవాట్లు ఎదురవుతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కడ చెయ్యి పెట్టాలో అర్థం కాదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లే మనిషి కావాలి. ఆ మనిషిని, అందుకు కావలసిన మూడు నెలల వ్యవధిని ఏర్పాటు చేయడమే జీసాక్ లాంటి కార్యక్రమాల అసలు పని. డబ్బు దాని తర్వాతే.

కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులు ఖాళీ ఫైలుతో మొదలుపెడతారు. రికార్డులో ఉన్న ప్రోగ్రామును టైపు చేస్తారు, అనుకున్న అవుట్‌పుట్ వస్తే మార్కులు పడతాయి, ఆ ప్రోగ్రామును మళ్లీ ఎవరూ తెరవరు. ఓపెన్ సోర్స్‌లో ఖాళీ ఫైలు దొరకడం అరుదు. అక్కడ పనిలో పెద్ద భాగం చదవడమే. ఎవరో పదేళ్ల క్రితం రాసిన ఫంక్షన్ అలాగే ఎందుకు ఉందో తెలుసుకోవాలి. ఒకచోట మార్చితే ఇంకెక్కడ తెగుతుందో ఊహించగలగాలి. పాత మార్పులన్నిటినీ తేదీలతో, కారణాలతో సహా భద్రపరిచే గిట్ అనే పనిముట్టు ఇందుకు ఆధారం. ఇది కూడా టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిందే. ఏ వరస ఎవరు రాశారో, ఏ ఇబ్బంది తీర్చడానికి రాశారో వెనక్కి వెళ్లి చూసే అలవాటు పడిన విద్యార్థికి సగం చదువు అబ్బినట్టే.

తొలి అవరోధం చాలామంది అనుకునే చోట ఉండదు. ప్రాజెక్టును సొంత ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి నడిపించడమే ముందుగా ఎదురయ్యే కష్టం. కావలసిన లైబ్రరీ దొరకదు, దొరికినా వెర్షన్ సరిపడదు, విండోస్‌లో నడవనిది లినక్స్‌లో నడుస్తుంది. ఈ తంటాలతోనే రెండు మూడు రోజులు గడిచిపోతాయి. విసిగి వెళ్లిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే వెళ్లిపోతారు. నిజానికి తొలి కాంట్రిబ్యూషన్ కూడా తరచూ ఇక్కడే దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసే పద్ధతిని వివరించే పేజీలో ఒక మెట్టు తప్పిపోయి ఉంటుంది. అన్నీ తెలిసిన పాతవాళ్ల కంటికి ఆ లోటు ఆనదు, కొత్తవాళ్లకే తగులుతుంది. దాన్ని దిద్ది పంపడం చిన్న పనిలా కనిపించినా తర్వాత వచ్చే వందల మందికి ఆ రెండు మూడు రోజులూ మిగులుతాయి.

ఆ తర్వాత బగ్‌లు, అంటే కోడ్‌లోని తప్పులు. చాలా ప్రాజెక్టులు కొత్తవాళ్లకు అనువైన సమస్యలకు విడిగా గుర్తు పెట్టి ఉంచుతాయి. వాటిలో ఒకటి ఎంచుకుని, ముందు ఆ తప్పును తన కంప్యూటర్‌లో మళ్లీ జరిగేలా చేసి చూడాలి. అది జరగకపోతే దిద్దినట్టు రుజువేమిటి? కారణం దొరికాక కోడ్ మార్చి, ఆ తప్పు మళ్లీ తలెత్తితే పట్టుకునే టెస్ట్ రాసి, పుల్ రిక్వెస్ట్‌గా, అంటే ఈ మార్పును కలుపుకోండన్న విన్నపంగా, పంపాలి. పంపగానే యంత్రాలు టెస్టులన్నీ నడిపి ఎక్కడ తెగిందో చెబుతాయి. అక్కడ గట్టెక్కాక మనుషుల వంతు. మెయింటైనర్లు, అంటే ఆ ప్రాజెక్టు బాగోగులు చూసేవాళ్లు, వరసవరసా చదువుతారు. ఈ వేరియబుల్ పేరు అర్థం కావడం లేదంటారు. ఇదే పని చేసే ఫంక్షన్ ఫలానా ఫైలులో ఇప్పటికే ఉందంటారు. ఖాళీ లిస్టు వస్తే ఏమవుతుందని అడుగుతారు. ఇరవై వరసల మార్పుకు ముప్పై వ్యాఖ్యలు రావడం వింతేమీ కాదు. మొదటిసారి ఇది చూసిన విద్యార్థికి మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ వ్యాఖ్యలన్నీ కోడ్ మీదే, రాసిన మనిషి మీద కావు. తన రాత మీద ఇంత శ్రద్ధగా మరొకరు సమయం వెచ్చించడం చాలామంది విద్యార్థుల చదువులో అదే మొదటిసారి. మార్చి, మళ్లీ పంపి, మళ్లీ మార్చి, చివరికి ఆ మార్పు ప్రాజెక్టులో కలిసిపోయిన, అంటే మెర్జ్ అయిన, రోజు ఆ విద్యార్థి పేరు ప్రాజెక్టు చరిత్రలో నమోదవుతుంది.

పద్ధతులు, మర్యాదలు నేర్చుకోవడం కూడా ఈ చదువులో భాగమే. మన దేశపు విద్యార్థులకు ఇక్కడ అలవాట్లు కొన్ని మార్చుకోక తప్పదు. మన తరగతిలో ప్రశ్న అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం, అందుకే పదిమందిలో నోరు విప్పరు, తర్వాత విడిగా వెళ్లి అడుగుతారు. ఓపెన్ సోర్స్‌లో విడిగా పంపిన మెసేజ్‌కు జవాబు రాకపోవచ్చు, అందరూ చూసే చోట అడిగితే వస్తుంది. అక్కడ ఒకరి ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రేపు మరొకరికి పనికొస్తాయి. ప్రతి వాక్యానికీ ‘సర్’ చేర్చడం అక్కడ ఎవరూ ఆశించరు, పని నేర్పే మెంటర్‌ను పేరుతోనే పిలుస్తారు. మెంటర్ చెప్పింది తప్పనిపిస్తే కారణంతో సహా చెప్పడం అమర్యాద కాదు, చెప్పకపోవడమే నష్టం. ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. ‘పని చేయడం లేదు’ అంటే ఎవరూ సాయం చేయలేరు. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఎర్రర్‌లో అక్షరాలా ఏముంది, అప్పటికే ఏమేం ప్రయత్నించారు అన్నది రాస్తే జవాబు త్వరగా వస్తుంది. అది రాస్తూండగానే కారణం తట్టడమూ కద్దు.

ఈ మర్యాదలు తెలియకుండా గుంపుగా వెళ్లి పడితే ఏమవుతుందో రెండు సందర్భాల్లో లోకమంతా చూసింది. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. అప్పట్లో కొన్ని పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు బహుమతిగా ఇచ్చేవారు. 2020లో ఆ టీషర్టు కోసం వేలమంది పరాయి ప్రాజెక్టుల వివరాల పేజీల్లో అక్కర్లేని పదాలు చేర్చి పంపించారు. జీతం లేకుండా పని చేసే మెయింటైనర్లు ఆ చెత్తను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ కూర్చోవలసి వచ్చింది. ఆ నెలలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న వెబ్ ప్రాజెక్టుకు ఇలాంటిదే జరిగింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించే ఒక పాఠం వీడియోను అనుకరిస్తూ చాలామంది విద్యార్థులు ఆ ప్రాజెక్టు పేజీలో తమ పేర్లు చేర్చి పంపారు. వాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. చెడ్డ ఉద్దేశంతో చేసిన పని కాదది. కానీ సాధన చేసుకోవడానికి సొంత రెపోజిటరీ తెరుచుకోవచ్చని వాళ్లకు చెప్పినవాళ్లు లేకపోయారు. గురువు లేని విద్యకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

జీసాక్‌లో ఆ గురువు స్థానం మెంటర్‌ది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముందు సంస్థలు దరఖాస్తు చేసుకుంటాయి. ఎంపికైన సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరి చివర వస్తుంది. ప్రతి సంస్థా తాను చేయించదలచిన పనుల పట్టికను బయటపెడుతుంది. విద్యార్థులు దాన్ని చూసి, నెల రోజులపాటు ఆ సంస్థవాళ్లతో మాట్లాడి, మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి వారాల లోపు ప్రపోజల్ పంపాలి. ఒకరు గరిష్ఠంగా మూడు పంపవచ్చు, ఎంపికయ్యేది ఒక్కటే. 18 ఏళ్లు నిండి ఉండాలి. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే ఉద్యోగం చేసేవాళ్లు కూడా అర్హులే. అప్పటి నుంచి అధికారిక పత్రాల్లో ‘స్టూడెంట్’ అన్న మాట పోయి ‘కాంట్రిబ్యూటర్’ వచ్చింది.

ప్రపోజల్ విషయంలో జరిగే పొరపాటు ఒక్కటే, కానీ దాదాపు అందరూ చేస్తారు. పట్టికలో ఉన్న వాక్యాలనే తిప్పి రాసి, తమ మార్కులు, సర్టిఫికెట్లు చేర్చి పంపుతారు. కృత్రిమ మేధతో రాయించడం మొదలైనప్పటి నుంచి ఇలాంటివి మరింత నున్నగా, మరింత బోలుగా వస్తున్నాయి. మెంటర్ చూసేది వేరు. సమస్య ఈ విద్యార్థికి నిజంగా అర్థమైందా, ఏ ఫైళ్లు మార్చాలో తెలుసా, ఏ వారం ఏం పూర్తవుతుందో చెప్పగలిగారా, అనుకున్నట్టు సాగకపోతే దేన్ని వదులుకుంటారు అన్నవి చూస్తారు. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో దాచకుండా రాయడం మంచిది. మన కాలేజీల వేసవికీ అమెరికా వేసవికీ పొంతన లేదు, జులై వచ్చేసరికి ఇక్కడ క్లాసులు మొదలైపోతాయి. అన్నిటికంటే బరువైనది అప్పటికే ఆ ప్రాజెక్టులో మెర్జ్ అయిన పని. గణిత సమీకరణాల్ని సాధించే సింపై లాంటి ప్రాజెక్టులు దరఖాస్తుకు ముందే ఒక ప్యాచ్ పంపి ఉండాలని నిబంధన పెట్టాయి. వీడియోలను మలిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అర్హత పరీక్షగా ఒక పని అప్పగిస్తుంది. అందుకే ఫిబ్రవరిలో జాబితా వచ్చాక మేల్కొనేవాళ్ల కంటే ముందు ఏడాది దసరా సెలవుల నుంచే ఒక ప్రాజెక్టును పట్టుకుని చిన్నచిన్న పనులు చేస్తూ వచ్చినవాళ్లకు అవకాశాలు ఎక్కువ.

ఎవరిని తీసుకోవాలో గూగుల్ నిర్ణయించదు. మెంటర్లు ప్రపోజల్స్ చదివి వరుసక్రమం ఇస్తారు, ఎన్ని స్థానాలు కావాలో సంస్థ అడుగుతుంది, ఎన్ని ఇవ్వగలరో గూగుల్ చెబుతుంది. 2025లో 185 సంస్థలకు 15 వేలకు పైగా మంది దరఖాస్తు చేశారు. వాళ్లు పంపిన ప్రపోజల్స్ 23 వేలు దాటాయి. ఎంపికైనవాళ్లు 1,280 మంది. పన్నెండు మందిలో ఒక్కరన్నమాట. ఎంపిక కాని మిగతావాళ్లలో ఏ కొందరో ఆ ప్రాజెక్టుల్లోనే కొనసాగి మరుసటి ఏడు మళ్లీ వస్తారు. మెంటర్లు వాళ్లను గుర్తుపెట్టుకుంటారు.

మే మొదట్లో ఫలితాలు వచ్చాక మొదటి మూడు వారాలు కోడ్ రాయమని ఎవరూ తొందరపెట్టరు. అది పరిచయాల కాలం. మెంటర్‌తో ఏ రోజు ఏ వేళ మాట్లాడాలో తేల్చుకుంటారు. ఒకరు బ్రెజిల్‌లో, మరొకరు జర్మనీలో, విద్యార్థి గుంటూరులో ఉంటే ఇది చిన్న విషయం కాదు. జూన్ నుంచి అసలు పని. ప్రాజెక్టులు మూడు పరిమాణాల్లో ఉంటాయి: సుమారు 90 గంటలవి, 175 గంటలవి, 350 గంటలవి. సాధారణంగా పన్నెండు వారాల్లో ముగించాలి, మెంటర్ ఒప్పుకుంటే 22 వారాల దాకా సాగదీసుకోవచ్చు. సగం దూరం వచ్చాక ఒకసారి, చివర ఒకసారి మెంటర్ ఉత్తీర్ణత నిర్ణయిస్తారు. చివరి మూల్యాంకనానికి విద్యార్థి ఏం చేశారో, ఏది మెర్జ్ అయిందో, ఏది మిగిలిందో వివరిస్తూ అందరూ చూడగలిగే పేజీ ఒకటి ఇవ్వాలి. మిగిలిపోయినదాన్ని దాచకుండా రాయించడం ఇందులోని గొప్ప నియమం. తర్వాత వచ్చేవాళ్లు అక్కడి నుంచే అందుకుంటారు.

పనిలో వెనకబడటం నేరం కాదు. చెప్పకుండా మాయమవడమే అసలు ముప్పు. అనుకున్నది కుదరక, మెంటర్‌కు మొహం చూపించలేక వారం, రెండు వారాలు జవాబివ్వని విద్యార్థులే ఎక్కువగా మధ్యలో ఆగిపోతారు. ‘ఇక్కడ చిక్కుకుపోయాను’ అని మూడో రోజునే చెప్పినవాళ్లకు దారి దొరుకుతుంది. మెంటర్ కూడా ఒకప్పుడు అదే చోట చిక్కుకున్న మనిషే, చాలామంది మెంటర్లు జీసాక్ పూర్వ విద్యార్థులే.

డబ్బు విషయానికొస్తే తొలి ఏళ్లలో ప్రపంచమంతటికీ ఒకే మొత్తం ఉండేది. 2017 నుంచి ఆయా దేశాల కొనుగోలు శక్తిని బట్టి ఇస్తున్నారు. ఇటీవలి లెక్కల ప్రకారం మన దేశంలో ఉండి పని చేసేవాళ్లకు 350 గంటల ప్రాజెక్టుకు 3,000 డాలర్లు, 175 గంటలదానికి 1,500 డాలర్లు. సగం దారిలో 45 శాతం, చివర మిగతాది చేతికొస్తుంది. ఇది జీతం కాదు, గూగుల్ ఉద్యోగమూ కాదు. కాంట్రిబ్యూటర్ చేసే పని గూగుల్‌కు చెందదు, ఆ ప్రాజెక్టు లైసెన్సు కింద అందరికీ చెందుతుంది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతున్న తెలుగు విద్యార్థులు మాత్రం దరఖాస్తుకు ముందే సీపీటీ, ఓపీటీ అనే పని అనుమతుల గురించి తమ యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఒక వేసవి పని ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి సైకిట్-లెర్న్ చాలు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే విద్యార్థుల్లో చాలామంది మొదట తెరిచే పైథాన్ లైబ్రరీ ఇది. 2007లో డేవిడ్ కోర్నపో జీసాక్ ప్రాజెక్టుగా దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు అందుకుని 2010లో తొలి బహిరంగ విడుదల చేశారు. సింపైకి 2007లో ఒకేసారి పలువురు జీసాక్ విద్యార్థులు వచ్చి దాని వేగాన్ని మార్చేశారు. 2009లో విద్యార్థిగా వచ్చిన ఆరన్ మ్యూరర్ 2011 నాటికి ఆ ప్రాజెక్టుకు నాయకుడయ్యాడు. ఇలా నిలిచిపోయేవాళ్లు తక్కువే. స్టైపెండ్ అందగానే వెళ్లిపోయేవాళ్లు చాలామంది, సంస్థలకు ఇది పాత బాధే. అయినా ఏళ్ల తరబడి సంస్థలు మళ్లీమళ్లీ వస్తున్నాయంటే నిలిచే ఒకరిద్దరి విలువ వాటికి తెలుసు కాబట్టే.

మన దేశం గత దశాబ్దంగా ఈ కార్యక్రమానికి అత్యధికంగా యువతను పంపుతున్న దేశాల్లో ముందుంది. హైదరాబాద్‌లోని ఐఐఐటీ కొన్నేళ్లు ప్రపంచంలోనే ఎక్కువమంది ఎంపికైన విద్యాసంస్థల వరసలో నిలిచింది. తొలి పదేళ్ల మొత్తం లెక్కలో మొదటి స్థానం శ్రీలంకలోని మొరటువా విశ్వవిద్యాలయానిది. ఈ రెండు చోట్లా ఎంపికైన సీనియర్లు జూనియర్లను పక్కన కూర్చోబెట్టుకోవడం ఆనవాయితీ అయింది. ఆనవాయితీ లేని కాలేజీల్లో ప్రతి ఏడూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని విద్యార్థి బృందం చలికాలంలో నడిపే ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్ ఈ లోటు తీర్చడానికే పుట్టింది. ఏ కాలేజీవాళ్లయినా అందులో చేరి చిన్న ప్రాజెక్టుల మీద చెయ్యి తిప్పుకోవచ్చు.

జీసాక్ చూపించిన ఒక పెద్ద లోపం నుంచి మరో కార్యక్రమం పుట్టింది. 2006లో గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో మహిళలవి ఒక్కటీ లేదు. అర్హులైన మహిళలు లేకనా, లేక ఆ తలుపు తమ కోసం తెరిచి ఉందని వాళ్లకు అనిపించకనా? తేల్చుకోవడానికి గ్నోమ్ అదే వేసవిలో మహిళల కోసమే మూడు స్థానాలు ప్రకటించింది. వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మూడు కాస్తా ఆరయ్యాయి. ఆ ప్రయత్నమే తర్వాత పెరిగి 2015లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ నీడలోకి చేరి అవుట్రీచీ అయింది. ఏడాదికి రెండు విడతలు, ఒక్కో విడత మూడు నెలలు, ఇంట్లో నుంచే పని. తమ దేశపు సాంకేతిక రంగంలో వివక్ష ఎదుర్కొనే ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. ఏ దేశంలో ఉన్నా ఇచ్చేది ఒకే మొత్తం, 7,000 డాలర్లు. కోడ్ ఒక్కటే కాదు, డాక్యుమెంటేషన్, డిజైన్ పనులూ ఇందులో ఉంటాయి. ఎంపికకు ముందే కొన్ని వారాల పాటు నిజమైన కాంట్రిబ్యూషన్లు చేయించి చూడటం దీని ప్రత్యేకత. ఇంటర్వ్యూలో తడబడే విద్యార్థినికి తన పనే సాక్ష్యమయ్యే పద్ధతి ఇది. మన జిల్లా కాలేజీల అమ్మాయిలకు ఇంకా ఎక్కువగా తెలియవలసిన కార్యక్రమం. లినక్స్ ఫౌండేషన్ నడిపే ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటార్‌షిప్ ఏడాదికి మూడు విడతలు. క్లౌడ్, కెర్నల్ పనుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అది సరిపోతుంది.

తెలుగు భాషకు కావలసిన పని ఈ రంగంలో కుప్పలుగా ఉంది. అక్షరదోషాలు పట్టే పనిముట్లు, పాత పుస్తకాల స్కాన్‌లను చదివే ఓసీఆర్, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్, డెస్క్‌టాప్ మెనూల అనువాదం అన్నీ ఓపెన్ సోర్స్‌లోనే ఎక్కువగా సాగుతున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పని చేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ విద్యార్థులకు శిబిరాలు, ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది. ఇంగ్లిష్‌లో తడబడే విద్యార్థికి మొదటి పాఠం తెలుగులో దొరికే చోటు అది. కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ ఇంకో అడుగు ముందుకేసింది. మలయాళం ఫాంట్లు, పనిముట్ల కోసం కలిసిన ఆ స్వచ్ఛంద బృందం 2007లోనే జీసాక్‌లో మెంటర్ సంస్థగా ఎంపికై, ఆ తర్వాత కూడా పాల్గొంది. తమ భాషకు కావలసిన పనులను తామే పట్టికగా రాసి, వాటికి ప్రపంచ స్థాయి కార్యక్రమం నుంచి చేతులు తెచ్చుకుంది. తెలుగుకూ ఆ దారి తెరిచే ఉంది. మెంటర్ సంస్థగా దరఖాస్తు చేయడానికి కంపెనీయో, పెద్ద కార్యాలయమో అక్కర్లేదు. ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అప్పటికే విడుదలై, జనం వాడుతున్న కోడ్ ఉండాలి. బాధ్యత తీసుకునే నిర్వాహకులు కనీసం ఇద్దరు, వేసవి పొడవునా వారానికి కొన్ని గంటలు ఇవ్వగల మెంటర్లు, స్పష్టంగా రాసిన పనుల పట్టిక కావాలి. ఆ పట్టిక ఫిబ్రవరి నాటికి సిద్ధంగా ఉండాలంటే దాని మీద పని డిసెంబరులోనే మొదలవ్వాలి.